మార్లో చూడని పుస్తకం

ప్రాజెక్టు రిపోర్టు సేవ్ చేసేటప్పుడు మనం పెట్టే పేర్లు అందరికీ తెలిసినవే. ఫైనల్, ఫైనల్ టూ, సార్ కరెక్ట్ చేసిన ఫైనల్, ఇదే అసలైన ఫైనల్. వైవా ముందురోజు రాత్రి వీటిలో ఏది ప్రింటుకి పంపాలో తెలియక మా బ్యాచ్ మొత్తం తల పట్టుకుని కూర్చున్న సందర్భం ఒకటుంది. అయినా మన పరిస్థితి నయమే. రాసినవాడు పక్క రూములోనే ఉంటాడు, లేపి అడగొచ్చు.

రాసినవాడు చనిపోయిన పదకొండేళ్ళకు మొదటిసారి అచ్చయి, మరో పన్నెండేళ్ళకు ఇంకో రూపంలో అచ్చయి, ఆ రెండింటిలో ఏది అతనికి దగ్గరో తేల్చడానికి పండితులు జీవితాలు ధారపోసిన నాటకం ఒకటుంది. దాని పేరు డాక్టర్ ఫాస్టస్. రాసింది క్రిస్టఫర్ మార్లో. ఈ సంచికలో అతని కథ చెప్పుకుందాం. ఇరవై తొమ్మిదేళ్ళు మాత్రమే బతికిన మనిషి కథ కాబట్టి జీవితం చిన్నదే. పుస్తకం కథే పెద్దది.

చెప్పుల దుకాణం నుంచి కేంబ్రిడ్జికి

మార్లో 1564లో ఇంగ్లండులోని కాంటర్బరీలో పుట్టాడు. ఫిబ్రవరి 26న సెయింట్ జార్జి చర్చిలో బాప్తిస్మం జరిగినట్టు రిజిస్టరులో ఉంది. సరిగ్గా రెండు నెలలకు, ఏప్రిల్ 26న, స్ట్రాట్‌ఫర్డ్‌లో ఇంకో పసివాడికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ పసివాడు షేక్‌స్పియర్. ఇద్దరూ ఒకే బ్యాచ్ అన్నమాట.

మార్లో తండ్రి జాన్ చెప్పులు, బూట్లు కుట్టేవాడు. ఆ రోజుల్లో ఆ పనివాడి కొడుకు ఆ పనిలోకే వెళ్ళడం మామూలు. మార్లో దారి మార్చింది చదువు, ఇంకా చెప్పాలంటే స్కాలర్‌షిప్. 1579లో కాంటర్బరీలోని కింగ్స్ స్కూల్లో స్కాలర్‌షిప్ సీటు దొరికింది. 1580 చివర్లో కేంబ్రిడ్జిలో కార్పస్ క్రిస్టీ కాలేజీకి చేరాడు. అక్కడ అతన్ని చదివించింది ఆర్చిబిషప్ మాథ్యూ పార్కర్ పేరిట ఉన్న స్కాలర్‌షిప్. వారానికి ఒక షిల్లింగు ఇచ్చేవారు. చదువయ్యాక చర్చిలో మతాచార్యుడిగా చేరేవాళ్ళ కోసం ఉద్దేశించిన డబ్బు అది.

ఆ షిల్లింగు కాలేజీలో హాజరున్న వారాలకే వచ్చేది. అందుకే నాలుగు శతాబ్దాలు గడిచినా మార్లో అటెండెన్సు మనకు తెలుస్తోంది. ఉన్నట్టుండి కొన్ని వారాలు, కొన్నిసార్లు నెలల తరబడి అతను కాలేజీలో లేడు. తిరిగొచ్చాక మాత్రం కాలేజీ స్టోరు ఖాతాలో తిండికీ తాగుడుకీ పెట్టిన ఖర్చు పెరిగింది. స్కాలర్‌షిప్ డబ్బుతో సరిపోయే ఖర్చు కాదది. చెప్పులు కుట్టే ఇంటి నుంచి వచ్చిన కుర్రాడికి పైడబ్బు ఎక్కడిది?

1584లో బీఏ అయింది. 1587లో ఎంఏ పట్టా ఇవ్వాల్సిన సమయానికి యూనివర్సిటీ వెనకాడింది. అతను ఫ్రాన్సులోని రైమ్స్‌కి వెళ్ళిపోబోతున్నాడని పుకారు. అక్కడ ఇంగ్లీషు కేథలిక్కుల సెమినరీ ఉండేది. ప్రొటెస్టెంటు రాణి ఎలిజబెత్ పాలనలో అలా వెళ్ళడమంటే శత్రువుతో చేతులు కలపడమే. సరిగ్గా అప్పుడు రాణిగారి ప్రివీ కౌన్సిల్ నుంచి యూనివర్సిటీకి కబురు వచ్చింది. ఈ యువకుడు రాణిగారికి మంచి సేవ చేశాడు, దేశానికి పనికొచ్చే విషయాల్లో ఉన్నవాడి గురించి తెలియనివాళ్ళు చెడు ప్రచారం చేయడం తగదు, పట్టా ఆపొద్దు అని దాని సారాంశం. తేదీ 1587 జూన్ 29. యూనివర్సిటీ పట్టా ఇచ్చేసింది.

ఆ సేవ ఏమిటో కౌన్సిల్ చెప్పలేదు. గూఢచారి పని అయివుంటుందని చరిత్రకారుల్లో చాలామంది నమ్మకం. ఏదైతేనేం, స్కాలర్‌షిప్ ఇచ్చినవాళ్ళు కోరుకున్న మతాచార్యుడు మాత్రం తయారవలేదు. మార్లో లండన్ వెళ్ళి నాటకాల్లో పడ్డాడు.

లండన్‌లో ఆరేళ్ళు

మొదటి నాటకంతోనే ఊరిని ఊపేశాడు. టాంబర్లేన్ అనే ఆ నాటకంలో గొర్రెల కాపరి ఒకడు రాజులను పల్లకీ బోయీల్లా తన రథానికి కట్టేంతవాడవుతాడు. ప్రాస లేని పద్యాన్ని అంత గంభీరంగా, అంత వేగంగా ఇంగ్లీషు రంగస్థలం మీద అంతకుముందు ఎవరూ నడపలేదు. నాయక పాత్ర వేసింది ఎడ్వర్డ్ ఆలిన్. మంచి ఎత్తరి, గొంతున్న నటుడు. జనం ఎంతగా ఎగబడ్డారంటే, వెంటనే రెండో భాగం కూడా రాయాల్సి వచ్చింది.

1590లో టాంబర్లేన్ రెండు భాగాలూ అచ్చయ్యాయి. మార్లో బతికుండగా అచ్చయిన నాటకం ఇదొక్కటే. దాని ముఖపత్రం మీద రాసినవాడి పేరు లేదు. ఇంకో సంగతి కూడా చూడండి. అచ్చు వేయించిన రిచర్డ్ జోన్స్ ముందుమాటలో పాఠకులకు ఓ విషయం విన్నవించుకున్నాడు. నాటకంలో కొన్ని చిల్లర హాస్యపు ఘట్టాలు ఉన్నాయట, ఇంత గంభీరమైన కథకు అవి తగవని తనకు తోచిందట, అందుకని తీసేశాడట. ఆ ఘట్టాలు ఇక మనకు దొరకవు. రాసినవాడు అదే ఊళ్ళో తిరుగుతుండగా జరిగిన పని ఇది.

ఎందుకిలా అంటే, అప్పట్లో నాటకం మీద రచయితకు హక్కు ఉండేది కాదు. నాటక కంపెనీ డబ్బిచ్చి రాతప్రతి కొనుక్కునేది. తర్వాత అవసరాన్ని బట్టి కంపెనీ దాన్ని ప్రచురణకర్తకు అమ్మేది. స్టేషనర్స్ కంపెనీ అనే వర్తక సంఘం రిజిస్టరులో ఎవరు నమోదు చేయించుకుంటే పుస్తకం వాళ్ళది. ఈ అమ్మకాల మధ్యలో రచయితను అడిగే అవసరం ఎవరికీ లేదు. నాటకాలను ఎక్కువగా క్వార్టో సైజులో వేసేవారు. పెద్ద కాగితాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగు ఆకులు, ఎనిమిది పేజీలు. అట్ట కూడా ఉండదు. చదివి పారేసే సరుకు.

మార్లో లండన్ జీవితం కూడా ప్రశాంతంగా ఏం లేదు. 1589 సెప్టెంబరులో హాగ్ లేన్ అనే వీధిలో విలియం బ్రాడ్లీ అనేవాడితో కత్తి యుద్ధానికి దిగాడు. మధ్యలో స్నేహితుడు, కవి థామస్ వాట్సన్ వచ్చాడు. బ్రాడ్లీ వాట్సన్ చేతిలో చనిపోయాడు. ఇద్దరినీ న్యూగేట్ జైల్లో పెట్టారు. మార్లో రెండు వారాల్లోపే బెయిలు మీద బయటపడ్డాడు. ఆత్మరక్షణ అని తేలి తర్వాత వాట్సన్‌నీ వదిలేశారు. 1592 మొదట్లో మార్లో నెదర్లాండ్స్‌లోని ఫ్లషింగ్‌లో దొంగ నాణేల కేసులో పట్టుబడ్డాడు. పట్టించినవాడు అతనితో కలిసి ఒకే గదిలో ఉన్న రిచర్డ్ బెయిన్స్. నువ్వు చేయించావంటే నువ్వు చేయించావని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. ఈ బెయిన్స్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

ఇరవై నాలుగేళ్ళ బేరం

ఈ గొడవల మధ్యే ఎప్పుడో డాక్టర్ ఫాస్టస్ రాశాడు. కొందరు 1588 ప్రాంతం అంటారు, కొందరు 1592 అంటారు. కథకు మూలం జర్మనీది. ఫాస్ట్ అనే మాంత్రికుడి గురించిన ఓ పుస్తకం 1587లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయింది. దాని ఇంగ్లీషు అనువాదం మార్లో చేతికి దొరికింది.

కథ క్లుప్తంగా ఇదీ. విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో ఫాస్టస్ పెద్ద పండితుడు. మామూలు ఇంటి నుంచి వచ్చి చదువుతో పైకొచ్చినవాడు. తర్కం, వైద్యం, న్యాయశాస్త్రం, మతశాస్త్రం అన్నీ చదివేశాడు. ఇంక ఏదీ ఆనట్లేదు. మంత్రవిద్య వైపు తిరిగి, మెఫిస్టోఫిలిస్ అనే దయ్యాన్ని పిలిచి, ఇరవై నాలుగేళ్ళ సర్వశక్తులకు బదులుగా తన ఆత్మను లూసిఫర్‌కు రాసిచ్చేస్తాడు, అదీ సొంత రక్తంతో. తీరా ఆ శక్తులతో సాధించిందేమిటని చూస్తే పోపుగారి భోజనం పళ్ళెం లాక్కోవడం, గుర్రాల బేరగాడిని మోసం చేయడం, ప్రభువులకు గారడీలు చూపించడం. గడువు పూర్తయ్యే చివరి గంట మాత్రం వేదిక మీద నిమిషం నిమిషం నడుస్తుంది. గడియారం పదకొండు కొట్టినప్పటి నుంచి పన్నెండు కొట్టేదాకా ఒక్క మనిషి, ఒక్క భయం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో అంతకన్నా బాగా ఎవరూ చూపించలేదు.

చెప్పులు కుట్టేవాడి కొడుకు, స్కాలర్‌షిప్ మీద మతశాస్త్రానికి దగ్గరగా చదివి అది వదిలేసి వచ్చినవాడు, ఈ కథను ఎందుకు ఎంచుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

డెట్‌ఫర్డ్‌లో ఒక బిల్లు

1593లో లండన్‌లో ప్లేగు. నాటకశాలలు మూతపడ్డాయి. మే నెల మొదట్లో, వలస వచ్చిన విదేశీయులను బెదిరిస్తూ డచ్ చర్చి గోడ మీద ఎవరో ఓ పద్యం అంటించారు. కింద టాంబర్లేన్ అని సంతకం. అధికారులు నాటక రచయితల మీద పడ్డారు. మే 12న థామస్ కిడ్‌ని పట్టుకున్నారు. ఇతను మార్లో ఒకప్పుడు ఒకే గదిలో కూర్చుని రాసుకున్నవాళ్ళు. కిడ్ కాగితాల్లో క్రీస్తు దైవత్వాన్ని ప్రశ్నించే రాతలు దొరికాయి. చిత్రహింసలు పెట్టేసరికి, అవి తనవి కావు, మార్లోవి, తన కాగితాల్లో కలిసిపోయాయని చెప్పాడు. మే 18న మార్లోని తీసుకురమ్మని ఆదేశం వెళ్ళింది. 20న హాజరయ్యాడు. జైల్లో వేయలేదు గానీ రోజూ అందుబాటులో ఉండాలని షరతు పెట్టారు. ఈలోగా మన పాత బెయిన్స్, మార్లో దేవుడి గురించీ మతం గురించీ అన్నాడంటూ ఓ జాబితా రాసి అధికారులకు అందజేశాడు.

మే 30న మార్లో లండన్ పక్కనే ఉన్న డెట్‌ఫర్డ్‌లో ఎలినార్ బుల్ అనే ఆవిడ ఇంట్లో ఉన్నాడు. పొద్దున పదింటికి చేరాడు. వెంట ముగ్గురు. ఇంగ్రమ్ ఫ్రైజర్, నికొలస్ స్కీర్స్, రాబర్ట్ పోలీ. నలుగురూ మధ్యాహ్నం భోంచేశారు, తోటలో తిరిగారు, సాయంత్రం ఆరింటికి లోపలికొచ్చి రాత్రి భోజనం చేశారు. తర్వాత బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. మంచం మీద పడుకుని ఉన్న మార్లో, అటు తిరిగి బెంచీ మీద కూర్చున్న ఫ్రైజర్ నడుముకున్న కత్తి లాగి తల మీద రెండు గాట్లు పెట్టాడని, పెనుగులాటలో అదే కత్తి మార్లో కుడికంటి పైభాగంలో రెండు అంగుళాల లోతున దిగిందని, అక్కడికక్కడే ప్రాణం పోయిందని పంచనామా చెబుతోంది. పదహారుమంది జ్యూరీ దాన్ని ఒప్పుకుంది. కత్తి ఖరీదు పన్నెండు పెన్నీలు అని కూడా రాశారు. జూన్ 1న మార్లోని అక్కడి సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో, గుర్తు రాయి కూడా లేకుండా పాతిపెట్టారు. నెల తిరిగేలోపే ఫ్రైజర్‌కి రాణిగారి క్షమాభిక్ష దొరికింది.

ఈ పంచనామా ప్రభుత్వ కాగితాల్లో ఎవరికీ తెలియకుండా మూడు వందల ఏళ్ళకు పైగా పడి ఉంది. 1925లో లెస్లీ హాట్సన్ అనే పరిశోధకుడు దాన్ని వెలికితీసి అచ్చువేశాడు. ఆ లోపల ఎవరికి తోచిన కథ వాళ్ళు చెప్పుకున్నారు. నాస్తికుడికి దేవుడు వేసిన శిక్ష అని ఒకరు పుస్తకంలో రాశారు. ప్రేమ వ్యవహారంలో పోటీదారుడు పొడిచాడని మరొకరు రాశారు. చర్చి రిజిస్టరులో చంపినవాడి మొదటి పేరే తప్పు పడింది. పంచనామా దొరికాక కూడా అనుమానాలు తీరలేదు. సాక్ష్యం చెప్పింది గదిలో ఉన్న ఆ ముగ్గురేగా. వాళ్ళలో పోలీ ప్రభుత్వ గూఢచారి, ఫ్రైజర్ ఏమో మార్లోని ఆదరించిన థామస్ వాల్సింగమ్ దగ్గర పనిచేసేవాడు. అలా మార్లో చావుకి కూడా రెండు వెర్షన్లు మిగిలాయి.

మొదటి పుస్తకం: 1604

రాసినవాడు పోయినా ఫాస్టస్ ఆగలేదు. ఫిలిప్ హెన్స్‌లో అనే నాటకశాల యజమాని రాసుకున్న లెక్కల పుస్తకం ఉంది. 1594 సెప్టెంబరు 30 నుంచి ఫాస్టస్ ప్రదర్శనల వసూళ్ళు అందులో కనిపిస్తాయి. 1598లో రాసిన సామాన్ల జాబితాలో ఫాస్టస్ నాటకానికి వాడే డ్రాగన్ ఒకటి, నరకద్వారం ఒకటి కూడా ఉన్నాయి. ఓసారి ప్రదర్శన మధ్యలో నటులు లెక్కపెట్టుకుంటే వేదిక మీద ఉండాల్సినదానికన్నా ఒక దయ్యం ఎక్కువ కనిపించిందని, దాంతో నాటకం ఆపేసి పారిపోయారని ఓ కథ కూడా పుట్టింది. జనాన్ని ఎంత భయపెట్టిందో చెప్పడానికి ఈ కథ చాలు.

1602 నవంబరు 22న హెన్స్‌లో ఇంకో లెక్క రాశాడు. విలియం బర్డ్, శామ్యూల్ రౌలీ అనే ఇద్దరికి డాక్టర్ ఫాస్టస్‌లో కొత్త ఘట్టాలు చేర్చినందుకు నాలుగు పౌండ్లు ఇచ్చాడు. మార్లో పోయి తొమ్మిదేళ్ళు. పాత నాటకాన్ని మళ్ళీ ఆడించాలంటే కొత్త సరుకు కావాలి కదా. మన దగ్గర హిట్ సినిమాను రీరిలీజ్ చేస్తూ కొత్త సీన్లు కలిపామని పోస్టరు మీద వేసుకున్నట్టే.

1601 జనవరిలో థామస్ బుషెల్ ఈ నాటకాన్ని స్టేషనర్స్ రిజిస్టరులో నమోదు చేయించుకున్నాడు. 1604లో వాలెంటైన్ సిమ్స్ ప్రెస్సులో అచ్చయింది. దీన్నే పండితులు ఎ పాఠం అంటారు. దాదాపు పదిహేను వందల పంక్తుల చిన్న పుస్తకం. దీని ప్రతి ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మిగిలింది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ఆ ఒక్కటి కూడా పోయి ఉంటే మనకు 1609లో, 1611లో దాన్ని చూసి వేసిన పునర్ముద్రణలే గతి.

ఆ పునర్ముద్రణలు గతి అయితే ఏం నష్టం అంటారా? ఒక్క ఉదాహరణ చెప్తాను. మొదటి సీనులో ఫాస్టస్ ఒక్కో శాస్త్రాన్నీ పక్కన పెట్టేస్తూ ఉంటాడు. ఓచోట తత్వశాస్త్రానికి వీడ్కోలు చెబుతూ గ్రీకులో ఓ మాట వాడతాడు. ఆన్ కై మే ఆన్, అంటే ఉండటం, లేకపోవటం అని. 1604లో టైపు పేర్చిన పనివాడికి గ్రీకు రాదు. విన్నట్టుగా, కనబడినట్టుగా నాలుగు ముక్కలనూ కలిపేసి ఆన్‌కేమియాన్ లాంటి ఒకే వింత మాటగా పేర్చాడు. తర్వాత వేసినవాళ్ళకు అది అర్థం కాలేదు. తప్పు పడిందనుకుని తమకు తెలిసిన మాటగా మార్చేశారు. ఎకానమీ! అంటే ఉనికి గురించిన ప్రశ్న కాస్తా ఇంటి ఖర్చుల లెక్క అయిపోయింది. మన ఫోన్లో ఆటోకరెక్ట్ చేసే పనే. బి పాఠంలో కూడా ఎకానమీయే కొనసాగింది. 19వ శతాబ్దం చివర్లో ఓ సంపాదకుడు 1604 ప్రతిలోని ఆ వింత మాటను విడగొట్టి చూస్తే లోపల గ్రీకు బయటపడింది. మొదటి పనివాడు అర్థం కాకపోయినా ఉన్నది ఉన్నట్టు పేర్చాడు కాబట్టే అది దొరికింది. తెలివిగా సరిదిద్దినవాళ్ళ వల్ల పోయింది, తెలియక వదిలేసినవాడి వల్ల మిగిలింది.

రెండో పుస్తకం: 1616

1616లో జాన్ రైట్ అనే ప్రచురణకర్త అదే నాటకాన్ని కొత్త రూపంలో తెచ్చాడు. దీన్ని బి పాఠం అంటారు. ముఖపత్రం మీద చెక్కబొమ్మ. వలయంలో నిలబడి, చేతిలో పుస్తకంతో ఫాస్టస్, నేలలోంచి పైకొస్తున్న దయ్యం. ఈ నాటకం గురించిన ఏ పుస్తకం తెరిచినా కనిపించే బొమ్మ అదే. దీని మొదటి ముద్రణ ప్రతి కూడా ఒక్కటే మిగిలింది, బ్రిటిష్ లైబ్రరీలో.

రెండు పాఠాలనూ పోల్చి చూస్తే బి పాఠంలో 36 పంక్తులు తీసేశారు, 676 కొత్తగా చేర్చారు. మిగతా వాటిలో వందల చోట్ల మాటలు మారాయి. పోపు సీను సాగింది, జర్మనీ చక్రవర్తి కొలువులో పగతీర్చుకునే నైట్ల కథ వచ్చింది. బర్డ్, రౌలీ నాలుగు పౌండ్ల పని ఇందులోనే ఉందని ఇప్పటి పండితుల అభిప్రాయం.

నిడివి పెరగడం పెద్ద విషయం కాదు. చిన్న మార్పులే ప్రాణం తీసేవి. 1606లో పార్లమెంటు ఓ చట్టం చేసింది. వేదిక మీద దేవుడి పేరును అగౌరవంగా వాడితే పది పౌండ్ల జరిమానా. ఆ దెబ్బ చివరి గంట మీద పడింది. ఎ పాఠంలో ఫాస్టస్ చివరి క్షణంలో దేవుణ్ణి నా దేవుడా అంటూ నేరుగా పిలుస్తాడు. జీవితమంతా ఎవరిని కాదన్నాడో ఆ పేరే చివరికి నోటికొస్తుంది. బి పాఠంలో అక్కడ స్వర్గం అన్న మాట ఉంది. జరిమానా తప్పింది. దెబ్బ తగ్గింది.

ఇంకొకటి చూడండి. మధ్యలో ఓచోట మంచి దేవదూత ఫాస్టస్‌తో ఇంకా సమయం మించిపోలేదంటాడు. ఎ పాఠంలో అతను పశ్చాత్తాపపడగలిగితే అనే అర్థం వస్తుంది. బి పాఠంలో పశ్చాత్తాపపడదలిస్తే. ఇంగ్లీషులో ఒక చిన్న సహాయక క్రియ తేడా, తెలుగులో ప్రత్యయం తేడా. కానీ నాటకం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. గలిగితే అన్నప్పుడు, అతనికి ఆ శక్తి అసలు ఉందా అన్న అనుమానం ఉంది. ఎవరు రక్షింపబడతారో దేవుడు ముందే నిర్ణయించేశాడన్న కాల్విన్ వాదం అప్పటి ఇంగ్లండులో బలంగా ఉండేది. ఆ భయం మొత్తం ఆ మాటలో ఉంది. తలిస్తే అన్నప్పుడు తలుపు తెరిచే ఉంది, వెళ్ళనిది అతనే.

అలాగని బి పాఠం ఫాస్టస్‌నే పూర్తిగా దోషిని చేసిందా అంటే అదీ లేదు. ఆ పాఠం చివర్లో మెఫిస్టోఫిలిస్ వచ్చి, నువ్వు బైబిలు చదువుతున్నప్పుడు పేజీలు తిప్పి నీ కంటిని దారి మళ్ళించింది నేనేనని ఒప్పుకుంటాడు. ఎ పాఠంలో ఈ మాట లేదు. అక్కడ ఫాస్టస్ తనంతట తానే సగం వాక్యం చదివి, మిగతా సగం చదవకుండా పుస్తకం మూసేస్తాడు. తప్పు ఎవరిది? మనిషిదా, దయ్యానిదా, ముందే రాసిపెట్టిన దేవుడిదా? ఏ పుస్తకం చేతిలో ఉందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఏది అసలు?

ఈ ప్రశ్నకు పండితుల తీర్పు కూడా మారుతూ వచ్చింది. 1950లో డబ్ల్యు. డబ్ల్యు. గ్రెగ్ రెండు పాఠాలనూ ఎదురెదురు పేజీల్లో పెట్టి పెద్ద గ్రంథం వేశాడు. మనం రెండు కోడ్ ఫైళ్ళను పక్కపక్కన పెట్టి తేడాలు చూసుకున్నట్టు, ప్రతి పంక్తినీ చేత్తో సరిపోల్చాడు. నటులు జ్ఞాపకం మీద ఆధారపడి తయారు చేసుకున్న చెడిపోయిన రూపమే ఎ పాఠమని, మార్లోకి దగ్గరిది బి పాఠమని అతని నిర్ణయం. ఓ తరం మొత్తం దాన్నే నమ్మింది. తర్వాత గాలి మళ్ళింది. బి పాఠంలో కొత్త చేర్పులు 1602 నాటివేనని, పైగా దాన్ని పేర్చేటప్పుడు 1611 నాటి ఎ పాఠం పుస్తకాన్నే ముందు పెట్టుకుని చూశారని తేలింది. ఎ పాఠం రచయిత చిత్తుప్రతి నుంచే వచ్చిందనే వాదం బలపడింది. 1993లో డేవిడ్ బెవింగ్టన్, ఎరిక్ రాస్‌ముస్సెన్ తమ ఎడిషన్లో ఏదో ఒకటి ఎంచకుండా రెండింటినీ రెండు నాటకాలుగా విడివిడిగా వేశారు.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఎ పాఠం కూడా పూర్తిగా మార్లోది కాదు. హాస్యపు సీన్లు వేరే చేయి రాసిందని చాలామంది ఒప్పుకుంటారు. అప్పటి నాటకాలు చాలావరకు అలాగే తయారయ్యేవి. కాబట్టి బర్డ్, రౌలీలను మాత్రమే తిట్టుకుని లాభం లేదు.

షేక్‌స్పియర్‌కి ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. 1616లో అతను పోయాక, తోటి నటులు హెమింజెస్, కాండెల్ నాటకాలు పోగుచేసి 1623లో పెద్ద పుస్తకంగా తెచ్చారు. మార్లోకి అలాంటి మిత్రులు మిగల్లేదు. వాట్సన్ అతనికన్నా ముందే పోయాడు, కిడ్ మరుసటి ఏడాది పోయాడు. మిగతా నాటకాలు ఒక్కొక్కటీ ఒక్కో దారిలో బయటికొచ్చాయి. ఎడ్వర్డ్ ద సెకండ్ 1594లో వస్తే, ద జ్యూ ఆఫ్ మాల్టా అచ్చులోకి రావడానికి 1633 దాకా పట్టింది. అతను చేసిన ఓవిడ్ అనువాదాన్ని 1599లో బిషప్పుల ఆజ్ఞతో తగలబెట్టారు.

ఇదంతా చదివాక నాకు అనిపించింది ఒకటే. మార్లో గురించి మనకు తెలిసినదంతా ఇతరుల చేతుల్లోంచి వచ్చిందే. అతని హాజరు కాలేజీ గుమాస్తా రాశాడు. అతని సేవ గురించి కౌన్సిల్ చెప్పింది. అతని నమ్మకాల గురించి శత్రువు జాబితా రాశాడు, మిత్రుడు దెబ్బలకు తాళలేక చెప్పాడు. అతని చావు గురించి చంపినవాడూ వాడి స్నేహితులూ చెప్పారు. అతని నాటకాన్ని గ్రీకు రాని పనివాడు పేర్చాడు, నాలుగు పౌండ్లు తీసుకున్న ఇద్దరు పెంచారు, చట్టానికి భయపడ్డవాళ్ళు కత్తిరించారు. ఇన్ని చేతులు పడ్డా ఆ చివరి గంట చల్లారలేదు. గడియారం పదకొండు కొట్టే దగ్గర మొదలుపెట్టి చదివితే, రెండు పాఠాల్లో ఏదైనా సరే, పన్నెండు కొట్టేదాకా పుస్తకం కింద పెట్టలేం. ఎగ్జామ్ హాల్లో చివరి పది నిమిషాలు తెలిసినవాళ్ళకు మరీ బాగా అర్థమవుతుంది.

రెండు పాఠాలూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సెలవుల్లో ఎ పాఠం ముందు చదవండి, చిన్నది. నచ్చితే బి పాఠం తీసి, ఆ గలిగితే ఎక్కడ తలిస్తే అయిందో వెతకండి. ఇక ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఆ ఒంటరి పుస్తకం ముఖపత్రం మీద రచయిత పేరు ఉందా అంటే, ఉంది. కాకపోతే పూర్తిగా లేదు. సిహెచ్. మార్ల్ అని పొట్టిగా వేసి, చుక్క పెట్టి వదిలేశారు.